మహానగరంలో విపత్తు సహాయ వాలంటీర్‌గా చేరాలంటే: దరఖాస్తు నుంచి మొదటి డ్యూటీ దాకా

వరద నీళ్లు వీధుల్లోకి వచ్చిన రోజున చాలామందికి ఒకటే ఆలోచన వస్తుంది: నేనూ వెళ్లి ఏదో ఒకటి చేయాలి. ఆ ఆలోచన మంచిదే. కానీ అప్పటికప్పుడు బయల్దేరి వచ్చినవాళ్లకి సహాయ కేంద్రంలో పని అప్పగించడం చాలా కష్టం. వాళ్లెవరో అక్కడ ఎవరికీ తెలియదు. ఏ పని వచ్చో తెలియదు. దెబ్బ తగిలితే ఎవరికి కబురు చేయాలో కూడా తెలియదు. అందుకే ఈ మార్గదర్శిలో నేను అన్నిటికంటే ముందు చెప్పేది ఇదే: ఏ విపత్తూ లేని మామూలు రోజున చేరండి.

1985 సెప్టెంబర్‌లో మెక్సికో సిటీని భూకంపం కుదిపేసినప్పుడు మామూలు జనమే శిథిలాల మీదికి ఎక్కి చేతులతో రాళ్లు తీశారు. దాదాపు 800 మందిని బతికించారు. కాపాడటానికి వెళ్లినవాళ్లలోనే సుమారు 100 మంది ప్రాణాలు పోగొట్టుకున్నారు. ఆ అనుభవం చూశాకే లాస్ ఏంజెలెస్ అగ్నిమాపక శాఖ తమ నగర పౌరులకు శిక్షణ ఇవ్వడం మొదలుపెట్టింది. సీఈఆర్‌టీ (కమ్యూనిటీ ఎమర్జెన్సీ రెస్పాన్స్ టీమ్) అనే పేరుతో అది తర్వాత అమెరికా అంతటికీ విస్తరించింది. ప్రాణాలు పోయిన ఆ వంద మందికీ ధైర్యం ఉంది. వాళ్లకు దొరకనివి శిక్షణ, వెనక నిలబడే ఒక సంస్థ.

మొదటి మెట్టు: మీ దగ్గర ఏముందో చూసుకోండి

విపత్తు సహాయం అనగానే పడవలు, తాళ్లు, శిథిలాల్లోంచి పిల్లల్ని ఎత్తుకురావడం కళ్ల ముందు మెదులుతాయి. ఆ పని అగ్నిమాపక సిబ్బందిది, ప్రత్యేక రక్షక దళాలది. వాలంటీర్ల పని దాని చుట్టూ ఉంటుంది, దానికంటే ఎన్నో రెట్లు ఎక్కువగా ఉంటుంది. శిబిరంలో పేర్లు నమోదు చేయడం, గోడౌన్‌లో సరుకు లెక్కపెట్టడం, నీళ్ల దగ్గర క్యూ నడపడం, వ్యాన్ తోలడం, హెల్ప్‌లైన్‌లో ఫోన్లు ఎత్తడం, దెబ్బతిన్న ఇళ్ల వివరాలు రాసుకోవడం, తప్పిపోయినవాళ్లని ఇంటివాళ్లతో కలపడం. నేను నా మొదటి రెండు డ్యూటీల్లో చేసింది పేర్లు రాయడం ఒక్కటే. ఒక పెద్దావిడ అర్ధరాత్రి వచ్చి తన చెల్లెలు ఏ గదిలో ఉందని అడిగినప్పుడు, ఆ రిజిస్టర్ చూసి రెండు నిమిషాల్లో చెప్పగలిగాను. ఆ పని విలువ నాకు అప్పుడు తెలిసింది.

కాబట్టి ఒక కాగితం తీసుకుని మూడు విషయాలు రాసుకోండి. మొదటిది సమయం: వారానికి ఎన్ని గంటలు ఇవ్వగలరు, పిలిస్తే ఎంతసేపట్లో బయల్దేరగలరు, రాత్రి రెండు గంటలకు ఫోన్ వస్తే ఎత్తగలరా. రెండోది చేతిలో ఉన్న విద్య: డ్రైవింగ్, నర్సింగ్, అకౌంట్లు, కంప్యూటర్, కరెంటు పని, వంద మందికి వండగలగడం. పెద్ద నగరంలో అన్నిటికంటే కరువుగా ఉండేది భాష. పని కోసం ఎక్కడెక్కడి నుంచో వచ్చినవాళ్లు ఒకే శిబిరంలో చేరతారు. వాళ్ల భాష మాట్లాడే ఒక్క మనిషి ఉంటే గంట పని పది నిమిషాల్లో అయిపోతుంది. మీకు రెండో భాష, మూడో భాష వస్తే దరఖాస్తులో అదే పైన రాయండి. మూడోది ఆరోగ్యం. నడుం నొప్పి, ఆస్తమా, బీపీ, ఎత్తంటే భయం, ఏది ఉన్నా దాచకండి. ఏదో ఒకటి ఉన్నంత మాత్రాన మిమ్మల్ని తిప్పి పంపరు, మీకు తగిన పని ఇస్తారు.

ఇంకొక మాట. నగరాల్లో విపత్తు అంటే ఎప్పుడో వచ్చే భూకంపమో తుపానో మాత్రమే అనుకోకండి. అమెరికన్ రెడ్‌క్రాస్ ఏడాదికి 60,000కు పైగా సంఘటనలకు స్పందిస్తుంది. వాటిలో అత్యధికం ఇళ్లలో జరిగే అగ్నిప్రమాదాలే. తెల్లవారుజామున కట్టుబట్టలతో ఫుట్‌పాత్ మీద నిలబడ్డ ఒక కుటుంబానికి దుప్పటి కప్పి, మందులు ఏం కావాలో అడిగి, ఆ రాత్రికి తల దాచుకునే చోటు చూపించడమే అక్కడ వాలంటీర్ల నిత్య కార్యక్రమం. అలాంటి చిన్న డ్యూటీలు చేసినవాళ్లే పెద్ద విపత్తు వచ్చినప్పుడు తడబడకుండా నిలబడతారు.

రెండో మెట్టు: సంస్థను మీరే పరీక్షించండి

రెడ్‌క్రాస్, రెడ్ క్రెసెంట్ ఉద్యమానికి ఇప్పుడు 190కి పైగా దేశాల్లో జాతీయ సంఘాలు ఉన్నాయి. 1859లో ఇటలీలోని సోల్ఫెరినో యుద్ధభూమిలో గాయపడినవాళ్లకు చుట్టుపక్కల ఊళ్ల జనం చేసిన సేవను చూసిన స్విట్జర్లాండ్ వ్యాపారి ఆన్రీ డ్యునాంట్ ఆలోచన నుంచి 1863లో అది పుట్టింది. 1965లో ఆమోదించిన దాని ఏడు మూల సూత్రాల్లో స్వచ్ఛంద సేవ ఒకటి, నిష్పక్షపాతం ఇంకొకటి. ఇవి కాక ప్రభుత్వ విపత్తు నిర్వహణ విభాగాలు నడిపే పౌర దళాలు, మతసంస్థలు, చిన్న చిన్న స్థానిక బృందాలు చాలా ఉంటాయి. పెద్దదా చిన్నదా అన్నది నాకు ముఖ్యం కాదు. ఏ సంస్థలోనైనా ఈ ప్రశ్నలు అడగండి:

– డ్యూటీలో దెబ్బ తగిలితే వైద్యం ఖర్చు ఎవరిది? వాలంటీర్లకు బీమా ఉందా?
– పంపే ముందు శిక్షణ ఇస్తారా? ఎన్ని గంటలు?
– నగర పాలక యంత్రాంగంతో, అగ్నిమాపక శాఖతో కలిసి పనిచేస్తారా, విడిగా వెళతారా?
– పిల్లల రక్షణకు, లైంగిక వేధింపుల ఫిర్యాదులకు రాతపూర్వక నియమాలు ఉన్నాయా?
– ఆడిట్ చేసిన లెక్కలు ఎవరైనా చూడవచ్చా?

సమాధానాలు సూటిగా రాకపోతే ఇంకో సంస్థను చూసుకోండి. ఐడీ కార్డుకు డబ్బు కట్టమన్నా, మొదటి రోజే పగుళ్లు పడిన భవనంలోకి వెళ్లమన్నా, బాధితుల పక్కన ఫొటోలు దిగడమే పనిగా కనిపించినా వెంటనే వచ్చేయండి. సహాయం తీసుకోవడానికి మతమో పార్టీయో షరతుగా పెట్టే చోట కూడా ఉండకండి.

అన్నీ బాగున్న సంస్థలు రెండు మూడు కనిపిస్తే మీ ఇంటికి నడిచి వెళ్లగల దూరంలో ఉన్న శాఖను ఎంచుకోండి. నగరంలో పెద్ద ఆపద వచ్చినప్పుడు మొదట ఆగిపోయేవి మెట్రో, ఫ్లైఓవర్లు, అండర్‌పాస్‌లు. నగరానికి ఆ చివర ఉన్న పేరున్న ఆఫీసులో మీ పేరు ఉండి, ఆ రోజు మీరు అక్కడికి చేరలేకపోతే ఏం లాభం? ఒక ఆదివారం ఇంటి నుంచి ఆ శాఖ దాకా నడిచి చూడండి. ఎక్కడ నీళ్లు నిలుస్తాయో, ఏ దారి ఎత్తులో ఉందో కళ్లతో చూసుకోండి.

మూడో మెట్టు: దరఖాస్తు, విచారణ

ఫారం నింపాక గుర్తింపు పత్రం, ఇద్దరు తెలిసినవాళ్ల పేర్లు, చాలాచోట్ల పోలీస్ వెరిఫికేషన్ కూడా అడుగుతారు. దీన్ని అవమానంగా తీసుకోకండి. శిబిరంలో తల్లిదండ్రుల నుంచి విడిపోయిన పిల్లలు ఉంటారు, ఒంటరి ఆడవాళ్లు, మంచం దిగలేని వృద్ధులు ఉంటారు. వాళ్ల మధ్యకి ఎవరిని పంపుతున్నామో తెలుసుకోవడం సంస్థ బాధ్యత. ప్రవర్తనా నియమావళి మీద సంతకం పెట్టే ముందు మొత్తం చదవండి. ఇంటర్వ్యూలో అన్నిటికీ ‘సరే’ అనకండి. రక్తం చూడలేనని, రాత్రి షిఫ్ట్ కుదరదని ముందే చెప్పే మనిషి మీద కోఆర్డినేటర్‌కి నమ్మకం పెరుగుతుంది. ఆఫీసులో పనిచేసేవాళ్లయితే విపత్తు సేవకు సెలవు ఇస్తారో లేదో ఇప్పుడే అడిగి పెట్టుకోండి.

నాలుగో మెట్టు: శిక్షణ

ఇక్కడ తొందరపడకండి. సర్టిఫికెట్ కోసం వెనక బెంచీలో కూర్చుని వచ్చే శిక్షణ అవసరం పడినప్పుడు గుర్తురాదు.

ప్రథమ చికిత్సలో రెండు పనులు చేతులకు అలవాటు కావాలి. సీపీఆర్‌లో, అంటే గుండె ఆగిన మనిషికి చేసే చికిత్సలో, పెద్దవాళ్ల ఛాతీని నిమిషానికి 100 నుంచి 120 సార్లు, 5 నుంచి 6 సెంటీమీటర్ల లోతుకు నొక్కాలి. బొమ్మ మీద రెండు నిమిషాలు ఆపకుండా చేసి చూడండి, ఎంత అలసటో తెలుస్తుంది. రెండోది రక్తస్రావం ఆపడం. శుభ్రమైన గుడ్డతో గాయం మీద నేరుగా, గట్టిగా అదిమి పట్టుకోవాలి. ఆగిందో లేదో అని మాటిమాటికీ ఎత్తి చూడకూడదు.

తర్వాతది మానసిక ప్రథమ చికిత్స. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఇతర సంస్థలతో కలిసి 2011లో ఇచ్చిన మార్గదర్శిలో దీన్ని మూడు మాటల్లో చెప్పారు: చూడండి, వినండి, కలపండి. ముందు ఆ చోటు సురక్షితమో కాదో, ఎవరికి ఎక్కువ అవసరమో చూడాలి. దగ్గరికి వెళ్లి పేరు చెప్పి, ఏం కావాలో అడిగి వినాలి. తర్వాత వాళ్లను సమాచారంతో, సేవలతో, సొంత మనుషులతో కలపాలి. జరిగింది చెప్పమని బలవంతపెట్టకూడదు. ‘అంతా మన మంచికే’, ‘మీరు బతికారు, అదే అదృష్టం’ లాంటి మాటలు ఇల్లూ మనిషీ పోయినవాళ్లను ఇంకా గాయపరుస్తాయి. తెలియని విషయం అడిగితే ‘నాకు తెలియదు, కనుక్కుని వచ్చి చెబుతాను’ అనండి. జవాబు దొరికినా దొరక్కపోయినా తప్పకుండా తిరిగి వెళ్లి ఆ మాట చెప్పండి. తిరిగి రాని వాలంటీర్ల కోసం ఎదురుచూసి విసిగిపోయిన ముఖాలు శిబిరంలో చాలా కనిపిస్తాయి.

ఇక ఆజ్ఞల వ్యవస్థ. 1970లలో కాలిఫోర్నియా అడవి మంటల సమయంలో వేర్వేరు శాఖల మధ్య గందరగోళం చూసి ఇన్సిడెంట్ కమాండ్ సిస్టమ్ తయారుచేశారు. ఇప్పుడు దాన్ని ఎన్నో దేశాలు ఏదో ఒక రూపంలో వాడుతున్నాయి. అందులో వాలంటీర్‌కి కావలసింది ఇంతే: మీకు పని చెప్పేది ఒక్కరే, మీరు సమాచారం ఇచ్చేదీ ఆ ఒక్కరికే. ఒక్కో లీడర్ కింద మూడు నుంచి ఏడుగురికి మించకుండా చూస్తారు. పక్క బృందంలో పని ఎక్కువగా ఉందని చెప్పకుండా అటు వెళ్లిపోతే, మీ లీడర్ లెక్కలో మీరు తప్పిపోయిన మనిషి అవుతారు.

అయిదో మెట్టు: మీ ఇల్లు, మీ సంచి

విపత్తు మీ నగరంలో వస్తే మీ కుటుంబం కూడా అందులోనే ఉంటుంది. ఇంట్లోవాళ్లు క్షేమమని తెలియనిదే ఎవరి మనసూ పనిలో నిలవదు. ఫోన్లు పనిచేయకపోతే ఎక్కడ కలుసుకోవాలి, వేరే ఊళ్లో ఉన్న ఏ బంధువుకి కబురు పెట్టాలి, పిల్లల దగ్గర ఎవరుంటారు, ఇవన్నీ ముందే మాట్లాడుకోండి. మూడు రోజులకు సరిపడా నీళ్లు, తిండి, మందులు ఇంట్లో ఉంచండి. ఆ రోజు ఇంటి దగ్గర మీ అవసరం ఉంటే డ్యూటీకి రాలేనని చెప్పేయండి, అందులో తప్పేం లేదు.

టెటనస్ ఇంజెక్షన్ ఎప్పుడు వేయించుకున్నారో చూసుకోండి. వరద నీళ్లలో పనిచేయాల్సి వస్తే లెప్టోస్పైరోసిస్, అంటే ఎలుకల మూత్రం కలిసిన నీటితో వచ్చే జ్వరం గురించి డాక్టర్‌ని ముందే అడగండి. కాళ్ల మీద పుండ్లు, తెగిన గాయాలు ఉంటే నీళ్లలోకి దిగనని చెప్పండి.

సంచి తేలిగ్గా ఉండాలి: గట్టి అడుగున్న బూట్లు, గ్లౌజులు, ఎన్95 మాస్కులు, టార్చి, పవర్ బ్యాంక్, ఒక పూటకు తిండి, నీళ్ల సీసా, మీరు రోజూ వేసుకునే మందులు, మార్చుకోవడానికి సాక్సులు, పెన్ను, చిన్న నోట్‌బుక్. అత్యవసర నంబర్లు కాగితం మీద రాసి పెట్టుకోండి, ఫోన్ ఆగిపోయినా అది పనికొస్తుంది. బాధితుల కోసం తెచ్చిన తిండి మీద మీరు ఆధారపడకూడదు.

ఆరో మెట్టు: మొదటి పిలుపు

మెసేజ్ రాగానే వెళ్లగలరో లేదో వెంటనే జవాబివ్వండి. కేంద్రానికి చేరగానే సంతకం పెట్టి చెక్-ఇన్ చేయండి, వెళ్లేటప్పుడు చెక్-అవుట్ చేయండి. రెండోది చాలామంది మరిచిపోతారు. అప్పుడు లేని మనిషి కోసం రాత్రి వెతుకులాట మొదలవుతుంది. బ్రీఫింగ్‌లో నాలుగు విషయాలు తెలియకుండా కదలకండి: లీడర్ ఎవరు, మీ జోడీ ఎవరు, ప్రమాదం వస్తే ఎటు పరుగెత్తాలి, షిఫ్ట్ ఎప్పుడు ముగుస్తుంది.

దారిలో నీళ్ల సంగతి చెబుతాను, ఎందుకంటే అనుభవం ఉన్నవాళ్లు కూడా ఇక్కడే మోసపోతారు. వేగంగా పారే నీళ్లు 15 సెంటీమీటర్లు ఉన్నా ఎదిగిన మనిషిని పడేయగలవు. 30 సెంటీమీటర్ల ప్రవాహం చిన్న కారును కొట్టుకుపోయేలా చేయగలదు. నగరంలో దీనికి తోడు ఆ మురికి నీటి కింద మ్యాన్‌హోల్ మూత లేచిపోయి ఉండొచ్చు, తెగిన కరెంటు తీగ ఉండొచ్చు. అడుగు కనపడని నీళ్లలోకి దిగకండి. గ్యాస్ వాసన వస్తే స్విచ్ జోలికి పోకుండా అందరినీ తీసుకుని బయటికి రండి. జనరేటర్‌ను గదిలో గానీ వరండాలో గానీ పెట్టనివ్వకండి. కిటికీలకు, తలుపులకు కనీసం 6 మీటర్ల దూరంలో ఉండాలి. దాని పొగలోని కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు, నిద్రలోనే ప్రాణం తీస్తుంది.

ఏడో మెట్టు: శిబిరంలో, అపార్ట్‌మెంట్ మెట్ల మీద

విపత్తు సహాయానికి స్ఫియర్ అనే అంతర్జాతీయ ప్రమాణాలు ఉన్నాయి. మనిషికి రోజుకు కనీసం 15 లీటర్ల నీళ్లు, తలదాచుకునే చోట 3.5 చదరపు మీటర్ల జాగా, 20 మందికి ఒక మరుగుదొడ్డి, మొదటి రోజుల్లో కనీసం 50 మందికి ఒకటి. ఈ అంకెలు గుర్తుంచుకోండి. శిబిరం చుట్టూ తిరిగి లెక్కపెట్టండి. ‘నీళ్లు సరిపోవడం లేదు’ అంటే ఎవరూ కదలరు. ‘400 మందికి రోజుకు 2,000 లీటర్లే వస్తున్నాయి, అంటే మనిషికి అయిదు లీటర్లు’ అని లీడర్‌కి చెబితే ట్యాంకర్ కదులుతుంది. లెక్కపెట్టేటప్పుడు ఇంకొకటి గమనించండి: మరుగుదొడ్డి దారిలో రాత్రి లైటు ఉందా, లోపల గడియ పడుతుందా. అవి లేకపోతే ఆడవాళ్లు చీకటి పడ్డాక నీళ్లు తాగడమే మానేస్తారు.

కాగితాలు పోయాయని, అద్దెకుంటున్నారని, వేరే రాష్ట్రం వాళ్లని ఎవరి పేరూ రాయకుండా పంపకండి. తెలిసినంత రాయండి, మిగతాది లీడర్ చూసుకుంటారు. ఆ జాబితాను ఫొటో తీసి వాట్సాప్ గ్రూపుల్లో పెట్టకండి. భర్త కొడుతుంటే పారిపోయి వచ్చిన ఆడమనిషి పేరు కూడా అందులో ఉండొచ్చు. ఒంటరిగా ఉన్న పిల్లవాడిని ‘నేను మామయ్యని’ అన్న ఒక్క మాట మీద ఎవరికీ అప్పగించకండి. బాధ్యుల్ని పిలవండి, వాళ్లు వచ్చేదాకా ఇద్దరు వాలంటీర్లు కలిసి పిల్లవాడి దగ్గరే ఉండండి.

శిబిరానికి రాలేనివాళ్లు నగరంలో ఎక్కువమంది ఉంటారు. కరెంటు పోతే లిఫ్ట్ ఆగుతుంది, మోటారు ఆగుతుంది, పై అంతస్తులకు నీళ్లు ఎక్కవు. పన్నెండో అంతస్తులో చక్రాల కుర్చీలో ఉన్న మనిషి వీధిలోంచి ఎవరికీ కనిపించరు. భవనం సురక్షితమని అధికారులు చెప్పాక, జోడీగా, అంతస్తు తర్వాత అంతస్తు తలుపు తట్టాలి. పైకి వెళ్లేటప్పుడు ఖాళీ చేతులతో వెళ్లకండి, కనీసం చెరో నీళ్ల క్యాన్ మోయండి. ఆక్సిజన్ యంత్రం, డయాలసిస్, ఇన్సులిన్ మీద ఎవరున్నారో ముందు అడగండి, ఆ ఇళ్ల వివరాలు కిందికి దిగగానే చెప్పండి. ఈ ఇళ్లు ఏవో ఆపద రాకముందే వాచ్‌మన్‌ని, కాలనీ సంఘాన్ని అడిగి రాసి పెట్టుకున్న బృందం చాలా గంటలు ఆదా చేస్తుంది.

విరాళాల విషయంలో మీ స్నేహితులకు మీరే చెప్పాలి. అడగకుండా వచ్చిపడే పాత బట్టలు, గడువు తీరిన మందులు గోడౌన్‌ను నింపేస్తాయి. వాటిని వేరు చేయడానికి పనిచేసే చేతులు ఖర్చవుతాయి. సంస్థ ప్రకటించిన జాబితాలో ఉన్నవే పంపమనండి, కుదిరితే డబ్బు ఇవ్వమనండి. బాధితుల ఫొటోలు వాళ్ల అనుమతి లేకుండా తీయకండి. బిస్కెట్ ప్యాకెట్ చేతికిస్తూ అనుమతి అడిగితే కాదనే ధైర్యం వాళ్లకు ఉండదు, కాబట్టి అప్పుడు అసలే వద్దు.

ఎనిమిదో మెట్టు: ఇంటికి వచ్చాక

షిఫ్ట్ అయిపోగానే వెళ్లిపోండి. అలసిన మనిషి రాసే పేర్లలో తప్పులు దొర్లుతాయి, మాటలో కసురు వస్తుంది. వెళ్లే ముందు తర్వాతి షిఫ్ట్ వాళ్లకి సగంలో ఉన్న పనులు నోటితో చెప్పడమే కాక రాసి కూడా ఇవ్వండి. ఆ తర్వాత కొన్నాళ్లు నిద్ర పట్టకపోవడం, చిన్న శబ్దానికి ఉలిక్కిపడటం, ఏడుపు రావడం మామూలే. తోటి వాలంటీర్లతో మాట్లాడండి. కొన్ని వారాలు గడిచినా తగ్గకపోతే, తాగుడు పెరిగితే, డాక్టర్‌ని కలవండి. మంచి సంస్థలు దీనికి కౌన్సెలర్‌ని ఏర్పాటు చేస్తాయి, లేకపోతే మీరే అడగండి.

1995 జనవరిలో కోబే భూకంపం తర్వాత సహాయానికి వచ్చినవాళ్లు పది లక్షలకు పైనే. జపాన్‌లో ఆ ఏడాదిని వాలంటీర్ల మొదటి సంవత్సరం అని పిలుస్తారు. అంతమంది వచ్చే మొదటి వారాల్లో చేతులకు కొరత ఉండదు. టీవీ కెమెరాలు వెళ్లిపోయాక ఇంట్లో బురద ఇంకా ఉంటుంది, పరిహారం ఫారాలు నింపేవాళ్లు ఉండరు, ముసలివాళ్లు తాత్కాలిక గదుల్లో ఒంటరిగా మిగిలిపోతారు. మూడో నెలలో వారానికి ఒక శనివారం ఇవ్వగలనని మీ కోఆర్డినేటర్‌కి ఇప్పుడే చెప్పి పెట్టండి. ఆ జాబితాలో పేర్లు ఎప్పుడూ తక్కువగానే ఉంటాయి.